ఓరగా నిలిచిన దారం

ఎవరికోసమంటే

తుపాకుల మరమ్మతు నేర్చుకుంటామని ఈమధ్య ఇద్దరు ముగ్గురు మా అంగడికి వచ్చిపోయారు. కూర్చోబెట్టి నోటితో చెబుదామంటే సగం విషయాలు మరిచిపోతున్నాను, మిగతా సగం చెప్పేటప్పుడు కోపం వస్తోంది. అందుకని రాసి పెడుతున్నాను. లైసెన్సు ఎట్లా తెచ్చుకోవాలో, ఏ ఆఫీసులో ఏ గుమాస్తాకు దండం పెట్టాలో ఇందులో ఉండదు. ఆ పాట్లు మీరే పడండి. నేను రాసేది పని గురించి, అందులోనూ ఒకే ఒక్క పని గురించి. రైఫిలు మీద దుర్బీను కూర్చోబెట్టడం.

నా పేరు దేవదానం. మాది ఆదోని. మా నాయన జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళు మోసేవాడు. నన్ను కూడా అదే మిల్లులో పెట్టాలని చూశాడు గానీ, ఆ పత్తి దుమ్ముకు నాకు దగ్గు పట్టుకుంది. మిల్లులో పనికిరానివాడినని తుపాకుల అంగడిలో చేర్చారు. అంటే నేను ఇష్టపడి వచ్చినవాడిని కాను. మీరు ఇష్టపడి వస్తున్నారు కాబట్టి ఒక మాట ముందే చెప్పాలి. ఈ పని ఒంటరి పని. మంగలి అంగడిలో జనం కూర్చుంటారు, టీ అంగడిలో కూర్చుంటారు, చెప్పులు కుట్టేవాడి దగ్గర కూడా నాలుగు మాటలు మాట్లాడి పోతారు. తుపాకుల అంగడి ముందర ఎవరూ నిలబడరు. పని ఉన్నవాడు వస్తాడు, గొంతు తగ్గించి మాట్లాడతాడు, పోతాడు. పెళ్ళి సంబంధాలు నాకు రాకపోలేదు. వచ్చినవాళ్ళు గోడకు వరసగా వేలాడే తుపాకులు చూసి, కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు. మూడోసారి కాఫీ పెట్టించడమే మానేశాను.

మా ఉస్తాద్

నాకు పని నేర్పినవాడు మస్తాన్ సాబ్. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. అందరం అంటే నేనొక్కణ్ణే లెండి. నాకు ముందు చేరినవాళ్ళంతా ఆయన కోపానికి పారిపోయారు. ఆకురాయి పట్టుకోవడం తప్పయితే ఆ ఆకురాయే గాల్లో వచ్చేది. యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవాడు కాబట్టి దుర్బీను పని ఆయనకు తెలుసు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల అది ఇంకెవరికీ తెలియదు.

మా ఉస్తాద్ గొప్ప పనివాడు, మంచి గురువు కాడు. ఆయన పోయి ఇన్నేళ్ళయింది కాబట్టి నిజం రాస్తున్నాను. స్ప్రింగును కాల్చి, ముంచి నీళ్ళు పట్టడం నాకెప్పుడూ నేర్పలేదు. ఆ పని చేసేటప్పుడు నన్ను బీడీలు తెమ్మని పంపించేవాడు. నేను బీడీలు ముందే కొని జేబులో పెట్టుకుని, తలుపు సందులోనుంచి చూసి నేర్చుకున్నాను. ఆయనకు తెలిసే ఉంటుంది.

నేను మొదటిసారి దుర్బీను బిగించినప్పుడు దాన్ని కంటికి మరీ దగ్గరగా పెట్టాను. ఉస్తాద్ చూశాడు గానీ తప్పని చెప్పలేదు. ఊరి బయటి పాత రాతి గనికి తీసుకుపోయి నన్నే కాల్చమన్నాడు. తుపాకి వెనక్కి తన్నింది, దుర్బీను అంచు వచ్చి నా కనుబొమ్మను చీల్చింది. రక్తం కారుతుంటే ఆయన తుండుగుడ్డ ఇచ్చి, ఈ దెబ్బ కొనుక్కునేవాడికి తగలవలసింది, నీకు తగిలింది, మంచిదే అన్నాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కంటికీ దుర్బీనుకూ మధ్య నాలుగు వేళ్ళ దూరం ఉండాలని నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆయన నోటితో చెప్పిన పాఠం ఒక్కటే. ఆ మాట మాత్రం వంద సార్లు చెప్పాడు. "అరే దేవదానం, పహలే తుపాకి, బాద్ మే దుర్బీను. మనిషిని మధ్యలోకి తేవద్దు."

ముందు తుపాకి, తరవాతే దుర్బీను అని. తుపాకిని ముందు వైసులో, అంటే బల్లకు బిగించిన ఇనుప పట్టులో పెట్టాలి, గీతలు పడకుండా కంబళి ముక్క వేసి. దాని వీపు మీద చదునైన చోట మేస్త్రీల రసమట్టం పెట్టి, అటూ ఇటూ వాలకుండా సరిచెయ్యాలి. అక్కడికి తుపాకి భూమికి సమంగా నిలిచింది. తరవాత ఎదురుగా గోడకు, పది పన్నెండు గజాల దూరంలో, తూకపు గుండు కట్టిన దారం వేలాడదియ్యాలి. ఆ దారం అబద్ధం చెప్పదు. అప్పుడు తుపాకి వీపు మీది ఇనుప కడియాల్లో దుర్బీను పెట్టి, మరలు వదులుగా ఉంచి, లోపలికి చూడాలి. దుర్బీనులో రెండు దారాలుంటాయి, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. నిలువు దారం పోయి గోడమీది దారంలో కలిసిపోయేదాకా దుర్బీను గొట్టాన్ని మెల్లగా తిప్పాలి. రెండు దారాలు ఒకటై కనబడితే అప్పుడు మరలు బిగించాలి. అదీ ఒకేసారి కాదు. ఈ పక్క పావు తిప్పు, ఆ పక్క పావు తిప్పు. ఒకే పక్క బిగిస్తే గొట్టం ఆ పక్కకు లాగుతుంది. బిగించాక మళ్ళీ చూడాలి. చాలామంది ఈ చివరి చూపు చూడరు.

ఇంతే పని. గంటలో నేర్చుకోవచ్చు. నేను ముప్పై ఏళ్ళు చేశాను, ఒక్కసారి తప్పాను.

ఉస్తాద్ ఒక వేసవిలో రెండు రోజుల జ్వరంతో పోయాడు. ఆయన ఇంటివాళ్ళు అంగడి తాళాలు నాకు ఇచ్చారు. మరుసటి రోజు తలుపు తీసి, ఆకురాయి తీసుకుని, కావాలనే తప్పుగా పట్టుకుని కాసేపు నిలబడ్డాను. నా మీదికి ఏదీ ఎగిరి రాలేదు. ఆ రోజు ఏ పనీ చెయ్యలేక పొద్దుగూకకముందే తలుపు మూశాను.

పడుగూ పేకా

మా ఆదోని బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి మారిన కొత్తలో ఈ సంగతి జరిగింది. మా ఊళ్ళో ఒక మిల్లు సావుకారు ఉండేవాడు. పేరు రాయను, ఆయన మనవళ్ళు మంచివాళ్ళు. వేట పిచ్చి ఉన్నవాడు. మద్రాసు నుంచి ఒక సీమ దుర్బీను తెప్పించుకుని నాకు పంపించాడు. పెట్టె విప్పి కంటికి పెట్టుకుంటే లోపల అడ్డ దారం ఉంది, నిలువు దారం లేదు. దారిలో ఎక్కడో తెగిపోయి అడుగున వెంట్రుక ముక్కలాగా పడి ఉంది.

మద్రాసుకు తిప్పి పంపితే మూడు నెలలు. సావుకారు అంతవరకూ ఆగే మనిషి కాడు. సన్నటి పట్టు పోగు దొరికితే లక్క చుక్కతో అతికించవచ్చని ఉస్తాద్ ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చి ఎమ్మిగనూరు బస్సెక్కాను. అక్కడ ఉరుకుందప్ప అని ఒక నేతగాడు. నాకు ముందు పరిచయం లేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. నేను తుపాకి పనివాడినని చెబితే ముందు భయపడ్డాడు, ఒక్క పోగు కావాలంటే నవ్వాడు. ఆయన భార్య చీర అంచుకు వాడే పట్టులోనుంచి ఒక దారం తీసి, గోటితో చీల్చి, చీల్చినదాన్ని మళ్ళీ చీల్చింది. వెలుతురుకు ఎదురుగా పెడితేనే కనబడేంత సన్నగా అయ్యాక ఒక కాగితం మీద మైనంతో అతికించి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు.

ఆ దారం ఎందుకని ఉరుకుందప్ప అడిగితే వివరంగా చెప్పాను. రెండు దారాలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం అని. ఆయన నాడె విసరడం ఆపి విన్నాడు. "అట్లయితే మా పనే కదప్పా. నిలువుది పడుగు, అడ్డంది పేక. పడుగు ఓరబోతే పేక ఎంత సక్కగా ఏసినా గుడ్డ దండగ" అన్నాడు. అప్పటినుంచి నేను దుర్బీను దారాలను పడుగు, పేక అనే అంటున్నాను. ఆ రోజు వాళ్ళింట్లో రొట్టె తిన్నాను. ఇద్దరు మనుషులతో కలిసి కూర్చుని తిని అప్పటికి చాలా కాలమైంది. సాయంత్రం బస్సుకు తిరిగొస్తుంటే జేబులో ఆ కాగితం నలుగుతుందేమోనని దారి పొడుగునా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

మెట్టు మీద కూర్చునే మనిషి

మా అంగడి ముందర ఎవరూ నిలబడరని రాశాను. ఒక్క మనిషి కూర్చునేవాడు. మల్లప్ప. హాలహర్వి దగ్గరి పల్లెలో గొర్రెలు కాసుకునేవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. మొదట వచ్చింది కర్ర కోసం. దసరా జాతరకు దేవరగట్టు కొండ మీద కర్రలు తిప్పుతారు కదా, వాళ్ళ వంశంలో ప్రతి ఇంటి నుంచీ ఒక కర్ర కొండెక్కాలి. ఆ కర్ర కొనకు ఇనుప కడియాలు తొడగాలి. కమ్మరివాడు తొడిగిన కడియాలు ఊడిపోతున్నాయని నా దగ్గరికి తెచ్చాడు. తుపాకి గొట్టానికి బిగించినట్టు కాల్చి తొడిగాను, మళ్ళీ ఊడలేదు. అప్పటినుంచి ఆదోనికి ఎప్పుడు వచ్చినా మెట్టు మీద కూర్చునేవాడు. సంతకు తెచ్చిన గొర్రె ఎన్ని సేర్లు తూగిందో చెప్పేవాడు, వాన గురించి చెప్పేవాడు. నేను పనిచేసుకుంటూ ఊ కొట్టేవాణ్ణి. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. కానీ ఆయన రాని సంత రోజు నాకు అన్నం సయించేది కాదు.

ఆ ఏడు ఆయన ముఖం బాగాలేదు. గట్టు కొండల్లోకి చిరుత వచ్చింది. మల్లప్ప మందలోనే పదకొండు గొర్రెలు పోయాయి. దసరాకు మూడు వారాలే ఉంది, జనం కొండెక్కాలి. తాసిల్దారు దగ్గరికి పోయి, తరవాత సావుకారు ఇంటి ముందు రెండు రోజులు కూర్చుని, దాన్ని చంపి పుణ్యం కట్టుకోమని మల్లప్పే అడిగాడు. సావుకారుకు కావలసింది కూడా అదే. దుర్బీను ఎప్పుడిస్తావని నాకు మనిషి మీద మనిషిని పంపాడు.

కాబట్టి ఆ దుర్బీను బిగించిన రోజు మల్లప్ప ఉట్టినే రాలేదు. తన గొర్రెల కోసం వచ్చి, పొద్దున్నించీ మెట్టు మీద కూర్చుని నా చేతుల వంకే చూస్తున్నాడు.

బిగించిన రోజు

పట్టు పోగు అతికించాను. తుపాకికి రసమట్టం పెట్టాను. గోడకు గుండు కట్టాను. పడుగును దారంలో కలిపాను, పావు పావుగా బిగించాను, బిగించాక మళ్ళీ చూశాను. ఉస్తాద్ బతికుంటే ఏమీ అనకుండా బీడీ వెలిగించుకునేవాడు. నా జీవితంలో అంత బాగా చేసిన పని ఇంకోటి లేదు.

మధ్యాహ్నం సావుకారు కారు వచ్చింది. భారీ మనిషి. వైసులోనుంచి తుపాకి తీసి భుజానికి పెట్టుకుని, అంగడి మధ్యలో నిలబడి, ఎదురింటి తలుపు చట్రం వైపు గురిపెట్టి చూశాడు.

"ఏమప్పా, వంకరగా పెట్టినావే దీన్ని" అన్నాడు.

దారం వంకర కాదు, ఆయన పట్టు వంకర. నిలబడినప్పుడు తుపాకిని తనవైపుకు వాల్చి పట్టుకునే అలవాటు ఆయనకు. ఆ మాట నేను చెప్పాలి. ఉస్తాద్ అయితే చెప్పేవాడు, మనిషిని మధ్యలోకి తేవద్దనేది అందుకే. నేను చెప్పలేదు. మా నాయన ఇంకా ఆయన మిల్లులోనే ఉన్నాడు. అది ఒక కారణం. అసలు కారణం అది కూడా కాదు. అంత పెద్దమనిషి మా అంగడిలో నిలబడటం, నా పని చూడటం అదే మొదలు. ఆయన నోట బాగుంది అనిపించుకోవాలని ఉండింది. ఏళ్ళ తరబడి ఎవరూ ఆ మాట అనని మనిషికి అదెంత ఆశో మీకు తెలియకపోవచ్చు.

మరలు వదులు చేశాను. ఆయన భుజాన పెట్టుకుని చూస్తూ ఉంటే గొట్టాన్ని కొంచెం కొంచెం తిప్పాను. ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాడు. చివరికి బాగుందన్నాడు. బిగించేశాను. గురి కుదర్చడానికి మర్నాడు డ్రైవరుతో పంపిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

తుపాకిని మళ్ళీ వైసులో సమంగా పెట్టాను. అప్పుడు మల్లప్ప లేచి వచ్చి తనను కూడా ఒకసారి చూడనిమ్మన్నాడు. ఎప్పుడూ అడగనివాడు అడిగాడని పక్కకు జరిగాను. గొర్రెల కాపరి కన్ను అది, మైలు దూరం నుంచి తన మందలో కుంటిదేదో చెప్పగలడు. చాలాసేపు చూశాడు.

"దేవన్నా, కోపం సేసుకోవాకు. ఆడ గోడకు యాలాడే దారం నిలువుగా ఉండాది. లోపల దారం ఓరగా ఉండాది" అన్నాడు.

నాకు తెలుసు. అందుకే కోపం వచ్చింది. గొర్రెలు కాసేవాడివి, నీకేం తెలుసు అన్నాను. తుపాకి పనిలో వేలు పెట్టొద్దన్నాను. ఆయన సరే అన్నట్టు తలూపి, తుండుగుడ్డ దులుపుకుని, మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాడు. నేను రసమట్టం తీసి సొరుగులో పెట్టేశాను.

మర్నాడు రాతి గనిలో నూరు గజాల దూరం నుంచి గురి కుదిర్చాను. సావుకారు పంపినవి అయిదే తూటాలు. చివరి మూడూ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. చూశావా, ఏమీ కాలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇక్కడే కొత్తగా వచ్చేవాళ్ళు జాగ్రత్తగా చదవాలి. దారం ఓరగా ఉన్నా నూరు గజాల దగ్గర గురి కుదురుతుంది. ఆ దూరానికి మనమే మరలు తిప్పి కుదురుస్తాం కదా. తప్పు బయటపడేది దూరం పెరిగినప్పుడు. దూరం పెరిగితే తుపాకి గుండు కిందికి జారుతుంది, అందుకని దుర్బీను పైన బిళ్ళ తిప్పి గురి పైకి లేపుతాం. దారం నిలువుగా ఉంటే గురి నిలువుగా లేస్తుంది. దారం ఓరగా ఉంటే గురి ఓరగా లేస్తుంది. పైకి లేచినంతసేపూ పక్కకు కూడా జరుగుతూ పోతుంది. రెండు వందల యాభై గజాలకు నాలుగు వేళ్ళు.

కొండ మీద

అక్కడ నేను లేను. సావుకారు డ్రైవరు చెప్పినదీ, తరవాత పల్లెవాళ్ళు చెప్పినదీ కలిపి రాస్తున్నాను.

సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, చిరుత ఎదురు కొండ బండ మీదికి వచ్చింది. మధ్యలో లోయ. రెండు వందల యాభై గజాలు ఉంటుందని సావుకారు అంచనా వేశాడు, అంచనా సరైనదే. ఆయన నిలబడి కాల్చలేదు. పడుకుని, మల్లప్ప తన కంబళి మడిచి ఇస్తే దాని మీద తుపాకి ఆనించాడు. కంబళి మీద ఆనిన తుపాకి వాలదు, సమంగా కూర్చుంటుంది. తుపాకి సమంగా కూర్చుంది, నేను తిప్పిన దారం ఓరగా నిలిచింది. అంగడిలో అయితే ఎదురింటి తలుపు చట్రం ఉంది పోల్చుకోవడానికి. కొండ మీద నిలువుగా ఉండేది ఏముంది? బండలన్నీ ఓరగానే ఉంటాయి. ఆయనకు ఏమీ తెలియలేదు.

నేను గీసిచ్చిన గుర్తు ప్రకారం బిళ్ళ తిప్పి, గుండెకు గురి చూసి కాల్చాడు. చిరుత తల ఎడమవైపుకు ఉంది. గుండు కుడికి జరిగి కడుపులో తగిలింది. అది ఒకసారి ఎగిరిపడి పొదల్లోకి దూరిపోయింది.

దెబ్బతిన్న చిరుతను అట్లా వదిలిపెట్టకూడదు. మర్నాడు పొద్దున రక్తపు చుక్కల వెంట మనుషులు పోయారు. ముందు మల్లప్ప నడిచాడు, ఆ కొండ ఆయనకు ఇంటి వాకిలి లాంటిది. చిరుత ఆయన మీదికే దూకింది. గొంతు పట్టకుండా కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. వెనకాల వాళ్ళు గొడ్డళ్ళతో దాన్ని చంపారు గానీ, అప్పటికే మోచేతి దగ్గర చెయ్యి నలిగిపోయింది.

ఆదోని ఆసుపత్రికి ఎద్దుల బండి మీద తెచ్చారు. ప్రాణం దక్కింది. చెయ్యి ఉంది, కానీ మోచెయ్యి వంగదు, వేళ్ళు ముడవవు. నేను రోజూ రొట్టెలు తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి. ఆయన ఎడమ చేత్తో తినడం అలవాటు చేసుకుంటూ, గొర్రెల సంగతి మాట్లాడేవాడు. దసరా నాడు మాత్రం రొట్టె పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్ళింటి కర్ర ఆ ఏడు కొండెక్కలేదు.

తుపాకి తిరిగొచ్చింది

దసరా అయిన పది రోజులకు సావుకారు తుపాకిని శుభ్రం చెయ్యమని పంపాడు. గాలికి గుండు జరిగిందని అందరికీ చెప్పుకున్నాడట. డ్రైవరు కూడా గాలే అన్నాడు. ఆ రోజు గాలి ఎంత ఉందో నేను అడగలేదు.

తలుపు లోపల గడియ పెట్టి తుపాకిని వైసులో పెట్టాను. రసమట్టం సొరుగులోనుంచి తీశాను. గోడకు గుండు కట్టాను. చూశాను. గోడమీది దారానికీ నా పడుగుకూ మధ్య పైన సందు లేదు, కింద వేలు పట్టేంత సందు ఉంది. ఎమ్మిగనూరులో ఆ తల్లి గోటితో చీల్చి ఇచ్చిన పోగు తెగలేదు, వదులు కాలేదు, తన పని తాను చేసింది. నేను ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడింది.

అక్కడే నేల మీద కూర్చున్నాను. ఈ తప్పు చదవగలిగినవాడు ఆ ఊళ్ళో నేనొక్కణ్ణే. ఉస్తాద్ ఉంటే ఆకురాయి విసిరేవాడు, తిట్టేవాడు, నేను ఏడ్చేవాణ్ణి. తిట్టడానికి కూడా మనిషి లేకపోవడం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. దుర్బీను విప్పి, పడుగును దారంలో కలిపి, సరిగ్గా బిగించి తుపాకి పంపించేశాను. సావుకారు తరవాత ఎప్పుడూ వంకరగా ఉందనలేదు. చెప్పాలంటే, చూసినట్టే లేదు.

ఆ రోజునుంచి ఆసుపత్రికి పోవడం మానేశాను. పని ఉందని కబురు పంపాను. ఇంతకంటే పిరికి పని నేను చెయ్యలేదు, దుర్బీను తిప్పింది కూడా దీనిముందు చిన్నదే.

ఏడాది తరవాత, మళ్ళీ దసరా ముందర, సంత రోజున మల్లప్ప వచ్చాడు. ఎడమ చంకలో కర్ర ఉంది. మెట్టు మీద కూర్చున్నాడు, ఎప్పటి చోటే. కర్రను తమ్ముడికి ఇవ్వాలని, తమ్ముడి చెయ్యి చిన్నదని, పట్టు దగ్గర కొంచెం సన్నం చేసి కడియాలు ఒకసారి చూడమని అడిగాడు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

కర్ర తీసుకున్నాను. పక్కన పెట్టేశాను. పెట్టి, మొత్తం చెప్పాను. సావుకారు వంకర అనడం, నేను తిప్పడం, బిళ్ళ తిప్పితే గురి ఎట్లా జరుగుతుంది, నాలుగు వేళ్ళు ఎట్లా వచ్చాయి, తుపాకి తిరిగొచ్చాక నేను చూసింది, అన్నీ. గాలి కాదన్నాను. నీ చెయ్యి పోయింది నావల్లే అన్నాను.

ఆయన వీధి వైపు చూస్తూ విన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది. నేను ముగించాక నా వైపు తిరిగాడు. కోపం లేదు ముఖంలో. ఉంటే పట్టుకోవడానికి నాకేదైనా దొరికేది.

"నేను ఆ పొద్దే సెప్పినా కదప్పా" అన్నాడు.

లేచి, తుండుగుడ్డ దులుపుకుని, మెల్లగా మెట్టు దిగి సంత వైపు వెళ్ళిపోయాడు. కర్ర కోసం వస్తాడని దానిని ఆ రాత్రే సరిచేసి పెట్టాను. రాలేదు. దసరా రెండు రోజులుందనగా నేనే బస్సెక్కి వాళ్ళ పల్లెకు తీసుకుపోయాను. మల్లప్ప మందతో కొండ మీద ఉన్నాడన్నారు. తమ్ముడు కర్ర తీసుకుని, మజ్జిగ ఇచ్చి పంపించాడు. ఆ ఏడు వాళ్ళింటి కర్ర కొండెక్కిందని విన్నాను. మల్లప్ప మళ్ళీ మా మెట్టు మీద కూర్చోలేదు. సంతలో రెండుసార్లు దూరం నుంచి చూశాను. బాగున్నావా అన్నట్టు తల ఊపాడు, నేనూ ఊపాను.

చివరి చూపు

అందుకని నేర్చుకునేవాళ్ళకు నా మాట ఇది. ఎంత పెద్దమనిషి వంకర అన్నా తుపాకిని మళ్ళీ వైసులో పెట్టి, గుండు దారం చూపించండి. వినకపోతే తుపాకి తిరిగిచ్చి పంపండి. మీరు బిగించాక మీరొక్కరే చూసుకుని సరే అనుకోవద్దు. మన పని మన కంటికి ఎప్పుడూ నిలువుగానే కనబడుతుంది. దారిన పోయేవాణ్ణి పిలవండి. చదువు అక్కర్లేదు, తుపాకి తెలియక్కర్లేదు. రెండు దారాలు కలిశాయా లేదా అని అడగండి. అతను చెప్పింది వినండి.

నేను మిగతా ఇరవై ఏళ్ళూ అట్లాగే చేశాను. అరటిపళ్ళవాణ్ణి, పోస్టుమ్యానును, గాజులమ్మే ఆమెను, ఎవరు దొరికితే వాళ్ళను లోపలికి పిలిచి దుర్బీనులో చూడమనేవాణ్ణి. తుపాకులు చూసి బెదురుతూనే వచ్చేవాళ్ళు. ఒక కన్ను మూసి, వంగి, చూసేవాళ్ళు. అందరూ సరిగ్గానే ఉందప్పా అనేవాళ్ళు, త్వరగా పోవాలని. నాకు నమ్మకం కుదరక మళ్ళీ నేనే చూసుకునేవాణ్ణి, విప్పి మళ్ళీ బిగించేవాణ్ణి. ఓరగా ఉందని నా ముఖం మీద చెప్పే మనిషి ఆ మెట్టు మీదికి ఒక్కడే వచ్చాడు, ఆయనతో నేను, గొర్రెలు కాసేవాడివి, నీకేం తెలుసు అన్నాను.